మొహమాటానికి ఎన్ని మార్కులు?

హాల్లో లైట్లు ఆర్పేస్తారు. తెర మీద మసకమసకగా ఒక బొమ్మ పడుతుంది. కిటికీ పక్కన ఎవరో నిలబడ్డారు, వెనకాల ఇంకొకరు కూర్చున్నారు. మగో ఆడో, నవ్వో ఏడుపో పోల్చుకోలేం. ముప్పై సెకన్లకి బొమ్మ మాయం. నాలుగు నిమిషాల్లో దాని మీద కథ రాయాలి: అంతకుముందు ఏం జరిగింది, ఇప్పుడేం జరుగుతోంది, చివరికేమవుతుంది. అలాంటివి పదకొండు. పన్నెండోసారి తెర మీద ఏమీ ఉండదు, ఉత్త తెలుపు. దానికీ కథ కావాలి. త్రివిధ దళాల్లో అధికారుల్ని ఎంచే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, వాడుకలో ఎస్ఎస్‌బీ, ఏళ్ల తరబడి పెడుతూ వచ్చిన పరీక్ష ఇది. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి అటు వెళ్లిన కుర్రాళ్లని కదిపితే ఆ తెల్లబొమ్మ సంగతి చెబుతారు. చాలామంది దానికి కథ ఇంటి దగ్గరే తయారుచేసుకుని రైలెక్కుతారు.

బొమ్మల తర్వాత మాటలు. అరవై మాటలు, ఒక్కోదానికి పదిహేను సెకన్లు. మాట కనబడగానే తట్టిన వాక్యం రాసెయ్యాలి. ఆపైన అరగంటలో అరవై సందర్భాలు: అడవిలో దారి తప్పావు, పడవలోకి నీళ్లొస్తున్నాయి, ఏం చేస్తావు? ఆ తర్వాత నీ గురించి మీ అమ్మానాన్నలు ఏమనుకుంటారు, మాస్టార్లు ఏమనుకుంటారు, స్నేహితులు ఏమనుకుంటారు, నువ్వేమనుకుంటావు, రాయి. ఇవన్నీ అయ్యాక మైదానంలో దుంగలు, తాళ్లు, డ్రమ్ములు ఇచ్చి గీత దాటమంటారు. అంతా కలిపి అయిదు రోజుల తంతు. వ్యక్తిత్వ పరీక్షల చరిత్రకి మ్యూజియం పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే కొత్తగా కట్టనక్కర్లేదు, ఈ అయిదు రోజులూ చూపిస్తే చాలు.

వీటిలో మాటల పరీక్షే వయసులో పెద్దది. 1879లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లిష్ పెద్దమనిషి కొన్ని మాటల్ని చీటీల మీద రాసుకుని, ఒక్కో చీటీ చూడగానే తన బుర్రలో ఏం మెదిలిందో, ఎంతసేపట్లో మెదిలిందో లెక్క రాసుకున్నాడు. మరో పాతికేళ్లకి జూరిక్‌లోని మానసిక వైద్యశాలలో కార్ల్ యూంగ్ అదే పని రోగులతో చేయించాడు, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని. రోగి ఏం చెప్పాడన్నదానికంటే ఏ మాట దగ్గర తడబడ్డాడన్నదే ఆయనకి ముఖ్యం.

బొమ్మలకి కథలు చెప్పించడం హార్వర్డ్‌లో మొదలైంది. 1935లో క్రిస్టియానా మోర్గన్, హెన్రీ మర్రీ ఇద్దరి పేరుమీదా దాని గురించిన వ్యాసం అచ్చయింది. మోర్గన్ బొమ్మలు వేసే మనిషి, ఆ పరీక్షలోని చిత్రాల్లో కొన్ని ఆవిడ చేతివే. 1943లో అదంతా ముద్రణ పొంది బజారుకి వచ్చేసరికి మర్రీ పేరు మిగిలింది, ఆవిడ పేరు పోయింది. కథలో నాయకుడి పేరుతో మనిషి తన గోడే వెళ్లబోసుకుంటాడన్నది దీని వెనక ఉన్న నమ్మకం. అందులోని తెల్లదొరల మొహాలు చూసి మనవాళ్లు ఏం వెళ్లబోసుకుంటారులే అని, కలకత్తాలో ఉమా చౌధురి భారతీయుల మొహాలతో మరో బొమ్మల కట్ట తయారుచేశారు.

ఇక మైదానం సంగతి. అధికారుల్ని ఎంచడానికి మనస్తత్వవేత్తల్ని కూర్చోబెట్టడం జర్మన్ సైన్యం ముందే చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో అధికారుల కొరత వచ్చాక, 1942లో, బ్రిటిష్‌వాళ్లు తమ బోర్డులు పెట్టుకున్నారు. పదిమందికి ఒక పని అప్పజెప్పి, నాయకుడెవరో చెప్పకుండా వదిలేసి, ఎవరు పుంజుకుంటారో పక్కన నిలబడి చూడాలన్న ఆలోచన విల్‌ఫ్రెడ్ బియాన్ది. ఆయన పుట్టింది మధురలో, 1897లో. తమిళుల మదురై కాదు, కృష్ణుడి మధుర. ఎనిమిదేళ్లకి ఇంగ్లండ్ పంపేశారు. ఆయన ఆలోచన మాత్రం తొందరగానే తిరిగొచ్చింది: 1943లో డెహ్రాడూన్‌లో ప్రయోగాత్మకంగా పెట్టిన బోర్డే ఈనాటి ఎస్ఎస్‌బీలకి మూలపుటమ్మ.

ఈ చరిత్ర తిరగేసినప్పుడల్లా నాకు ఒకటే తడుతుంది. మనిషిని తెలుసుకుందామన్న కుతూహలంతో పుట్టిన పరీక్షలు తక్కువ. ముక్కూమొహం తెలియని జనం గుంపులుగా వచ్చిపడ్డప్పుడు, వాళ్లని తొందరగా వేరుచెయ్యాల్సిన అవసరంలోంచి పుట్టినవే ఎక్కువ. ఊళ్లో వీటితో పనిలేదు. సంబంధం కుదుర్చుకునేముందు కుర్రాడి గుణగణాలు తెలుసుకోడానికి మనవాళ్లు ప్రశ్నావళి పంపరు, వాళ్ల వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఆగుతారు. కొట్టతనికి ఆ కుర్రాడి అప్పులూ తెలుసు, నోటి దురుసూ తెలుసు. లక్షలమంది సిపాయిలకి అలాంటి కొట్టతను ఎక్కడ దొరుకుతాడు?

మనుషుల్ని రకాలుగా విడగొట్టడం మాత్రం అనాది. గ్రీకులకి నాలుగు ధాతువులు, మనకి వాత పిత్త కఫాలు, సత్వ రజస్తమో గుణాలు. భగవద్గీత 17వ అధ్యాయం తిండిని బట్టి కూడా గుణం చెబుతుంది. పులుపు, ఉప్పు, కారం దట్టించినది రాజసం. ఆ లెక్కన ఆవకాయ ముద్ద కలుపుకునేవాళ్లమంతా రాజసులమే, గుంటూరువాళ్లకి వేరే పరీక్ష అక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్, అమెరికాల్లో తల మీద బుడిపెలు తడిమి స్వభావం చెప్పే విద్య ఒకటి జోరుగా సాగి అణగారిపోయింది. వీటిలో వేటికీ లేనిది, ఇప్పటి పరీక్షలకి ఉన్నది లెక్క. వందమందిని అదే ప్రశ్న అడిగి, జవాబులు కూడి, ఈ మనిషి ఆ వందమందిలో ఎక్కడున్నాడో చెప్పడం.

ఆ పద్ధతిలో మొదటిదనదగిన ప్రశ్నావళి 1917 తర్వాత తయారైంది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. బాంబుల మోత విని చేతులు వణికేవాళ్లు, మాట పడిపోయేవాళ్లు, ఏ గాయమూ లేకుండా కూలబడేవాళ్లు యూరప్ ఆస్పత్రుల నిండా ఉన్నారని అప్పటికే కబురొచ్చింది. అప్పట్లో దాన్ని షెల్ షాక్ అన్నారు. అలా కుప్పకూలే అవకాశం ఉన్నవాణ్ని ఓడ ఎక్కించకముందే పట్టుకోవాలి. ఒక్కొక్కణ్ని కూర్చోబెట్టి మాట్లాడేందుకు సరిపడా డాక్టర్లు లేరు. కొలంబియా విశ్వవిద్యాలయంలోని రాబర్ట్ వుడ్‌వర్త్ డాక్టరు అడగబోయే ప్రశ్నల్నే కాగితం మీద పెట్టాడు. మొత్తం 116. రాత్రి బాగా నిద్రపడుతుందా? నడిరాత్రి ఉలిక్కిపడి లేస్తుంటావా? చేసే పని కలలోకి వచ్చి వేధిస్తుందా? అవును, కాదు, ఈ రెంటిలో ఒకటి ఎంచుకుంటే చాలు.

ప్రశ్నావళి సిద్ధమయ్యేసరికి యుద్ధం అయిపోయింది. ఏ సైనికుణ్ని ఆపడానికి పుట్టిందో ఆ పనికి అది ఒక్కనాడూ అక్కరకి రాలేదు. కానీ ఒకసారి తయారైన సాధనం ఊరికే ఉండదు కదా. చిన్నచిన్న మార్పులతో కాలేజీలకీ, ఫ్యాక్టరీల ఉద్యోగాల ఆఫీసులకీ పాకింది. సిపాయి నిద్ర గురించి అడిగిన ప్రశ్నే గుమస్తాని అడగసాగారు. వాడుక మారింది, ప్రశ్న మారలేదు. ఈ రంగంలో జరిగిన పొరపాట్లలో సగం ఇక్కడినుంచే మొదలయ్యాయని నా అభిప్రాయం.

కుతూహలం కొద్దీ పనిచేసినవాడంటే నాకు హెర్మన్ రోర్షాక్ గుర్తొస్తాడు. స్విట్జర్లాండ్‌లో డ్రాయింగ్ మాస్టారి కొడుకు. బళ్లో తోటివాళ్లు అతన్ని 'క్లెక్స్' అని పిలిచేవారు, సిరా మరక అని దానర్థం. కాగితం మీద సిరా ఒలికించి మడతపెట్టి ఆకారాలు చూసుకోవడం అప్పటి పిల్లలకి ఆట. పెద్దయ్యాక హెరిజావు మానసిక వైద్యశాలలో డాక్టరై, అవే మరకలు రోగులకి చూపించి ఏం కనిపిస్తోందని అడిగాడు. గబ్బిలం కనిపిస్తోందా, ఇద్దరు మనుషులా అన్నది ఆయన అంతగా పట్టించుకోలేదు. మరక మొత్తం చూశాడా, మూలన ముక్క చూశాడా, రంగు చూసి చెప్పాడా, కదలిక చూశాడా, ఇవీ ఆయన లెక్కపెట్టినవి. పుస్తకం వెయ్యడానికి దొరికిన ప్రచురణకర్త పది బొమ్మలకి మించి కుదరదన్నాడు. అచ్చులో సిరా కొన్నిచోట్ల పలచబడి, ఆయన అనుకోని నీడలు తేలాయి. చిరాకుపడాల్సింది పోయి, ఇదీ బాగానే ఉందని ఆయన ముచ్చటపడ్డాడు. 1921లో పుస్తకం వచ్చింది, పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాదే కడుపులో చీము పట్టి 37 ఏళ్లకి పోయాడు.

ఆ తర్వాత ఆ పది మరకలూ ఆయన ఊహించని చోట్లకెల్లా వెళ్లాయి. న్యూరెంబర్గ్‌లో విచారణకి నిలబడ్డ నాజీ నాయకులకి కూడా చూపించారు. రాక్షసత్వానికి ప్రత్యేకమైన మనస్తత్వం ఏదైనా బయటపడుతుందేమోనని ఆశ. పరీక్షించిన ఇద్దరికే ఏకాభిప్రాయం కుదరలేదు. అమెరికాలో ఒకే జవాబుకి ఒక్కో గురువు ఒక్కో అర్థం చెప్పేవాడు. 1974లో జాన్ ఎక్స్‌నర్ వాటన్నిటినీ కలిపి ఒక పద్ధతికి తెచ్చాడు గానీ, ఆ మరకలు చూసి ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదన్న తగువు ఇప్పటికీ తీరలేదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హాథవే, మెకిన్లీ ఎంచుకున్న దారి దీనికి పూర్తిగా తిరగబడ్డది. ప్రశ్నకి అర్థమేమిటన్న ఊసే వాళ్లకి పట్టలేదు. వందలకొద్దీ వాక్యాలు రోగులకిచ్చారు. అవే వాక్యాల్ని ఆస్పత్రికి రోగుల్ని చూడ్డానికి వచ్చిన చుట్టపక్కాలకీ ఇచ్చారు. ఏ వాక్యం దగ్గర ఈ రెండు గుంపులూ వేరుపడ్డాయో దాన్ని ఉంచారు, మిగతావి పక్కన పెట్టారు. 1943లో బయటికొచ్చిన ఈ ఎంఎంపీఐ మానసిక వైద్యంలో ఇప్పటికీ ఎక్కువగా వాడే పరీక్షల్లో ఒకటి. దీనిలో తెలివైన ఏర్పాటు ఒకటుంది, అబద్ధాలకి వల. ఎవరూ నిజంగా చెయ్యలేని మంచిపనులు కొన్ని మధ్యలో ఇరికించారు. పేపర్లో సంపాదకీయాలన్నీ రోజూ చదువుతానని ఎవరైనా అంటే అది గొప్పకి చెబుతున్న మాట కిందే లెక్క. సంపాదకీయాలు రాసేవాళ్లకి కాస్త కష్టం కలిగించే సంగతే.

లోపం కూడా ఆ చుట్టపక్కాల్లోనే ఉంది. వాళ్లు 724 మంది. దాదాపు అందరూ తెల్లవాళ్లు. సగటున చూస్తే ముప్పై అయిదేళ్ల వయసు, పెళ్లయింది, చిన్న ఊరు, చదివింది ఎనిమిదో తరగతి. 1989లో సవరించిన కూర్పు వచ్చేదాకా, అంటే నాలుగున్నర దశాబ్దాలు, అమెరికాలో 'మామూలు మనిషి' అంటే మిన్నెసోటాలో చుట్టాన్ని చూడ్డానికి ఆస్పత్రికొచ్చిన ఆ పల్లెటూరి మనిషే. నల్లజాతి కార్మికుడైనా, న్యూయార్క్ ప్రొఫెసరైనా అతనికి ఎంత దూరంలో ఉన్నాడో దాన్నిబట్టి జబ్బు తేల్చారు.

ఆస్పత్రి కోసం చేసిన ఈ పరీక్షనీ ఉద్యోగాలవాళ్లు వదల్లేదు. 1956లో విలియం వైట్ కంపెనీ మనుషుల మీద రాసిన పుస్తకంలో, ఇలాంటి పరీక్షల్లో మోసం చెయ్యడం ఎలాగో ఒక అనుబంధమే చేర్చాడు. సారాంశం చెప్పాలంటే, నాకు నాన్నంటే ఇష్టం, అమ్మంటే ఇష్టం, నాన్నంటే కాస్త ఎక్కువ ఇష్టం, ఆఫీసుకి అడ్డురానంత మేరకి పెళ్లాంపిల్లలంటే ఇష్టం అన్నట్టు జవాబులు రాసెయ్యమన్నాడు. మన కోచింగ్ సెంటర్లలో తెల్లబొమ్మకి కథ నేర్పేవాళ్లు ఆయన పేరు వినకపోయినా ఆయన శిష్యులే. 2005లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఒకటి, ప్రమోషన్ల కోసం ఎంఎంపీఐ పెట్టడం వైద్య పరీక్ష చెయ్యడమే, యజమానికి ఆ హక్కు లేదని తీర్పిచ్చింది.

జనంలో ఎక్కువ పేరున్నదీ, పండితుల్లో తక్కువ మర్యాద ఉన్నదీ ఎంబీటీఐ. నాలుగు అక్షరాల బిళ్ల తగిలించి మనుషుల్ని పదహారు రకాలు చేసేది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి తమ రాశి మర్చిపోయినా ఈ అక్షరాలు గుర్తుంటాయి. దీన్ని తయారుచేసిన తల్లీకూతుళ్లు క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్, ఇద్దరూ మనస్తత్వ శాస్త్రం చదువుకోలేదు. తల్లి 1923లో యూంగ్ పుస్తకం ఇంగ్లిషులో చదివి అందులోనే మునిగిపోయింది. కూతురు డిటెక్టివ్ నవల రాసి పోటీలో బహుమతి కొట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు పోయిన ఖాళీల్లోకి ఆడవాళ్లు తండోపతండాలుగా పనికి వస్తుంటే, ఎవరికి ఏ పని నప్పుతుందో చెప్పాలని ఇసబెల్ వంటింటి బల్ల దగ్గర ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. మళ్లీ యుద్ధమే, మళ్లీ ముక్కూమొహం తెలియని జనమే.

చదువుకోలేదు కాబట్టి తప్పని నేననను. తప్పు వేరేచోట ఉంది. ఎత్తు కొలిస్తే జనం పొట్టి, పొడుగు అని రెండు గుంపులుగా నిలబడరు, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. అంతర్ముఖత్వమూ అంతే. ఎంబీటీఐ సరిగ్గా ఆ మధ్యలో, జనం కిక్కిరిసిన చోట గోడ కడుతుంది. గోడకి ఆనుకున్నవాడు ఒక వారం ఇటు, ఇంకో వారం అటు పడతాడు. కొద్ది వారాల తేడాతో మళ్లీ రాస్తే చాలామందికి కనీసం ఒక అక్షరమైనా మారిపోవడానికి కారణమిదే. వృత్తి సలహాలకి దీన్ని వాడేందుకు తగిన ఆధారాలు లేవని 1991లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి తేల్చింది. వ్యాపారం ఏమీ తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదంటే 1948లో బెర్ట్రమ్ ఫోరర్ తన క్లాసులో చేసిన చిలిపి పని చెప్పాలి. 39 మంది విద్యార్థులకి పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకి విడిగా ఇచ్చాడు. నీ గురించి ఎంత బాగా చెప్పింది, అయిదుకి మార్కులెయ్యి అన్నాడు. సగటు 4.26. అందరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం. చాలావరకు దుకాణంలో కొన్న జ్యోతిషం పుస్తకం లోంచి ఏరినవే. నలుగురూ నిన్ను మెచ్చుకోవాలని నీకుంటుంది, అయినా నిన్ను నువ్వే తప్పుపట్టుకుంటుంటావు, ఆ ధోరణి. ఆదివారం అనుబంధంలో వారఫలాలు చదివి 'నాకోసమే రాసినట్టుంది' అనుకోనివాళ్లు ఎవరున్నారు?

వీటన్నిటికన్నా గట్టిగా నిలిచింది నిఘంటువు తిరగేసిన దారి. మనుషుల మధ్య ముఖ్యమైన తేడా ఏదైనా ఉంటే దానికి భాషలో ఈపాటికే మాట పుట్టి ఉంటుందని గాల్టన్ 1884లోనే అన్నాడు. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఇద్దరూ ఇంగ్లిష్ నిఘంటువు తిరగేసి 17,953 మాటలు ఏరారు. రేమండ్ కాటెల్ వాటిని కుదించి 16 గుణాలన్నాడు. 1961లో అమెరికా వైమానిక దళంలో ట్యూప్స్, క్రిస్టల్ లెక్క చూసి, ఎలా కలిపినా అయిదే తేలుతున్నాయన్నారు. కలుపుగోలుతనం, సౌమ్యత, పనిలో శ్రద్ధ, మనసు చలించడం, కొత్తదనం పట్ల ఆసక్తి. దీన్ని ఇప్పుడు 'బిగ్ ఫైవ్' అంటున్నారు. ఇందులో బిళ్లలు లేవు, ఒక్కో గుణానికి ఒక కొలబద్ద ఉంటుంది. పనిలో శ్రద్ధ ఎక్కువున్నవాళ్లు ఉద్యోగంలో కాస్త మెరుగ్గా ఉంటారని 1991లో బారిక్, మౌంట్ ఎన్నో అధ్యయనాలు గుదిగుచ్చి చూపించారు. 'కాస్త' అన్న మాట గమనించాలి. వ్యక్తిత్వ పరీక్ష మార్కుకీ, మనిషి ఫలానా సందర్భంలో చేసే పనికీ మధ్య సంబంధం 0.3 దాటడం అరుదని వాల్టర్ మిషెల్ 1968లో ఎత్తిచూపినప్పుడు ఈ రంగం రెండు దశాబ్దాలు తలపట్టుకుంది. ఒక మనిషి గురించి జోస్యం చెప్పడానికి అది చాలదు, పదివేలమంది దరఖాస్తుదార్లని వడపోసే కంపెనీకి లాభమే. మళ్లీ పాత సంగతే: పరీక్ష ఉపయోగపడేది ఎంచేవాడికి, రాసేవాడికి కాదు.

నిఘంటువు దారి నాకు నచ్చింది కాబట్టే ఒక అనుమానం కూడా ఉంది. తిరగేసింది ఏ భాష నిఘంటువు? సూర్యరాయాంధ్ర నిఘంటువు ముందేసుకుని ఎవరైనా ఇదే పని చేస్తే గుంభనం, లౌక్యం, చాదస్తం, నంగనాచితనం, పెంకితనం ఏ గదిలో పడతాయి? అన్నిటికన్నా ముందు, మొహమాటం? చుట్టాలింట్లో కడుపు కాలుతున్నా 'ఇప్పుడే తినొచ్చానండీ' అనేవాడు, అప్పిచ్చి తిరిగి అడగలేక వీధి మార్చి నడిచేవాడు. అంతర్ముఖుడా? ఇంట్లో గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది. సౌమ్యుడా? పెళ్లాన్ని అడగండి. మొహమాటం ఒక మనిషి లోపల ఉండే సరుకు కాదు, ఇద్దరి మధ్య పుట్టేది. ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నావళి ఇస్తే అది గదిలోంచి లేచిపోతుంది. బొలీవియా అడవుల్లో చిమానే జాతివారి మధ్య ఈ అయిదు గుణాల ప్రశ్నావళి పెట్టి చూస్తే ఆ అయిదు గుంపులూ సరిగా తేలనే లేదని 2013లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అదేమంత ఆశ్చర్యం కాదు.

ఒకసారి మా పెద్దమ్మ పక్కన కూర్చుని ఫోన్లో అలాంటి ప్రశ్నావళి ఒకటి తెరిచాను. తెలుగు యంత్రం చేసింది. 'నేను పార్టీకి ప్రాణం' అని మొదటి వాక్యం.

"ఏ పార్టీకిరా?" అంది పెద్దమ్మ.

నలుగురూ చేరినచోట హుషారుగా ఉంటావా అని అర్థంలే పెద్దమ్మా, అన్నాను.

"నలుగురంటే ఎవరు? పుట్టింటివాళ్లా, అత్తింటివాళ్లా? మీ పెదనాన్న ఉన్నప్పుడా, పోయాకా?"

పూర్తిగా ఒప్పుకుంటాను, కొంత ఒప్పుకుంటాను, చెప్పలేను, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను, ఈ అయిదు గళ్లే ఉన్నాయి. మిషెల్ ఒక పుస్తకం నిండా వాదించినది ఆవిడ రెండు ముక్కల్లో అడిగేసింది. మధ్య గడి నొక్కి ముందుకెళ్లాం.

ఫోన్లో ఇలా సరదాకి రాసే పరీక్షల వెనక కూడా ఒక కథ ఉంది. 2007లో డేవిడ్ స్టిల్‌వెల్ ఫేస్‌బుక్ మీద ఒక వ్యక్తిత్వ పరీక్ష పెడితే లక్షలమంది తమంతట తామే రాశారు. మనిషి ఏ పేజీలకి లైకులు కొడతాడో చూస్తే ప్రశ్నలు అడక్కుండానే గుణాలు అంచనా కట్టొచ్చని 2013లో ఆయనా, మరో ఇద్దరూ చూపించారు. ఆ రోజుల్లోనే కేంబ్రిడ్జ్‌లో అలెగ్జాండర్ కోగన్ ఇంకో పరీక్ష యాప్ పెట్టాడు. అది రాసినవాళ్ల వివరాలతో పాటు వాళ్ల స్నేహితుల వివరాలు కూడా లాగింది. అవి కేంబ్రిడ్జ్ ఎనలిటికా అనే ఎన్నికల సలహా కంపెనీకి చేరాయని 2018లో లోకమంతటికీ తెలిసింది. ప్రపంచం మొత్తమ్మీద 8.7 కోట్లమంది దాకా ఉంటారని ఫేస్‌బుక్ లెక్క. ఆ గుణాలు పట్టుకుని నిజంగా ఓట్లు మార్చగలిగారా అంటే నాకు నమ్మకం లేదు, 0.3 సంగతి పైన చెప్పాను కదా. నన్ను ఆపింది మన దేశం లెక్క. భారత్‌లో ఆ యాప్ పెట్టుకున్నవాళ్లు 335 మంది. వివరాలు పోయి ఉండొచ్చన్నవాళ్లు 5,62,455 మంది. మిగతావాళ్లెవరూ ఏ పరీక్షా రాయలేదు, రాసినవాళ్లకి స్నేహితులు, అంతే.

పెద్దమ్మా నేనూ యాభై ప్రశ్నలూ పూర్తిచేశాం. ఫలితం చూపించేముందు యాప్ ఫోన్ నంబరు అడిగింది, తర్వాత ఫోన్లో ఉన్న మిగతా నంబర్లు చూడ్డానికి అనుమతి అడిగింది. "వాళ్లందరి నంబర్లూ దానికెందుకట?" అంది పెద్దమ్మ. ఆవిడ గుణమేమిటో తెలియకుండానే ఫోన్ మూసి పక్కన పెట్టాను.